పదకొండు అడుగుల నీళ్ళు

“నువ్వు దూకలేదు.”

డిటెక్టివ్ ఆ మాట అనగానే మంచం మీది మనిషి కళ్ళు మూసుకున్నాడు.

ఉదయం ఎనిమిదీ యాభై. ఆసుపత్రి రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ముప్పై ఆరేళ్ళు. నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి పాత రైలు వంతెన మీంచి చిన్ననాటి స్నేహితుడితో కలిసి నదిలోకి దూకానని, తాను తేలానని, స్నేహితుడు తేలలేదని పోలీసులకు చెప్పాడు. పోయినవాడు ఈత కోచ్. ఊళ్ళో అందరూ అతన్ని ‘చేప’ అనేవాళ్ళు. శవం అయిదూ పదికి దొరికింది. రెండు కాళ్ళూ విరిగి ఉన్నాయి. చేప నీళ్ళలో చావడమేమిటని, సాయంత్రం ఏడు కాకముందే అతని అక్క డిటెక్టివ్‌కు ఫోన్ చేసింది.

“దూకాం మేడమ్. ఇద్దరం చేతులు పట్టుకుని...”

“నీ అరికాళ్ళు చూశాను. అరవై అడుగుల ఎత్తు నుంచి నిలువునా నీళ్ళలో పడితే అరికాళ్ళు కమిలిపోతాయి. నీవి పసిపిల్లాడి కాళ్ళలా ఉన్నాయి. మోచేతులు చూపించు.”

అతను చూపించలేదు. ఆమే దుప్పటి తొలగించి మోచెయ్యి వెలుతురులోకి తిప్పింది. గీరుకుపోయిన చర్మం మీద గళ్ళు గళ్ళుగా అచ్చు పడి ఉంది.

“బ్రిడ్జి మీద నడిచే దారికి గళ్ళ రేకు పరిచారు. దాని మీద వెల్లకిలా పడ్డావు. నీళ్ళలో పడ్డవాడికి ఈ అచ్చు ఎక్కడిదయ్యా? ఒడ్డున బట్టలు ఉతికే ఆవిడ ఒకటే చప్పుడు విన్నదట. అయిదు నిమిషాల తర్వాత ఎవరో మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చి, చొక్కాతోనే నీళ్ళలోకి దిగాడట. ఆ దిగినవాడివి నువ్వే.”

మెకానిక్ అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“వాడి కోసం వెతికాను మేడమ్. నాకు మునగడం సరిగ్గా రాదు. అయినా వెతికాను.”

“మరి దూకానని ఎందుకు చెప్పావు?”

“ఏమని చెప్పను? వాడు దూకాడు, నేను ఆగిపోయానని చెప్పనా? వాళ్ళక్క మొహం చూసి చెప్పనా?”

డిటెక్టివ్ స్టూలు లాక్కుని కూర్చుంది. పోలీసు ఉద్యోగం వదిలేసి పదకొండేళ్ళయినా, ఎదుటివాడు ఏడుస్తున్నప్పుడు ప్రశ్న ఆపే అలవాటు ఆమెకు ఇంకా రాలేదు.

“మొదట్నుంచి చెప్పు.”

“నాకు చిన్నప్పట్నుంచీ ఎత్తంటే భయం. నవ్వకండి.”

“లిఫ్టు మెకానిక్కి ఎత్తంటే భయమా?”

“లిఫ్టు గుంటలో చీకటి. కింద ఏముందో కనబడదు. బ్రిడ్జి మీద అన్నీ కనబడతాయి. పదహారేళ్ళప్పుడు వాడు చెయ్యి పట్టుకుంటే మొదటిసారి దూకాను. తర్వాత ఏటా దూకేవాళ్ళం. ఎప్పుడూ వాడే చెయ్యి పట్టుకునేవాడు. చెయ్యి పట్టుకోకపోతే నేను దూకను, వాడికి తెలుసు. నా పెళ్ళయ్యాక మానేశాం. ఆరేళ్ళయింది. మొన్న వాడే ఫోన్ చేసి, ‘ఒక్కసారి రారా’ అన్నాడు.”

“నీళ్ళెన్ని ఉన్నాయో చూసుకున్నారా?”

“అదే మా మొదటి రూలు. ఇరవై అడుగులు లేకపోతే దూకం. స్తంభానికి నీటి స్కేలు ఉంటుంది. ఇరవై ఒకటి చూపించింది. నా కళ్ళతో చూశాను. వాడు కూడా ‘బాగా చూసుకోరా, ఇరవై ఒకటి’ అన్నాడు. ఒకటి, రెండు, మూడు అన్నాం. మూడు అన్నాక నా కాళ్ళు బిగుసుకుపోయాయి. చెయ్యి జారింది. రైలింగు మీదుగా వెనక్కి, నడిచే దారి మీద పడ్డాను. లేచి చూస్తే వాడు లేడు.”

“చెయ్యి నువ్వు వదిలావా, అతను వదిలాడా?”

“నేనే అయ్యుంటాను. వాడు ఎప్పుడూ వదల్లేదు.”

ఆమె కేసు షీటు తిప్పింది. “ఛాతీ మధ్యలో దెబ్బ ఉందని రాశారు. అదెలా తగిలింది?”

“రైలింగు తగిలుంటుంది.”

“రైలింగు నడుం దాకానే ఉంది. పైగా మీరు దాని అవతల నిలబడి ఉన్నారు. పోనీ, మీ ఇద్దరికీ గొడవలేమైనా ఉన్నాయా?”

“లేవు.” దుప్పటి మళ్ళీ మోచేతుల మీదికి లాక్కున్నాడు. “పది రోజుల కింద వాడికొక మాట చెప్పాను. ఏడాదిగా కడుపులో పెట్టుకున్న మాట. తంతాడనుకున్నాను. ఏమీ అనలేదు. ‘పోనీలేరా’ అని టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.”

“ఏం మాట?”

మెకానిక్ గోడవైపు తిరిగాడు. ఇక ఎన్ని విధాల అడిగినా నోరు విప్పలేదు.

“బాగుంది మేడమ్,” అని వెనక నుంచి గొంతు వినిపించింది. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారు. ఆమె విప్పిన ముడులకు అతని పేరు పడటం అక్కడే మొదలైంది. “ప్రమాదమని రాసి ఫైలు మూసేద్దామనుకున్నాను. మీరు వచ్చి సాక్షిని ముద్దాయిని చేసి పెట్టారు.”

“తలుపు చాటున ఎంతసేపట్నుంచి ఉన్నావు?”

“‘నువ్వు దూకలేదు’ దగ్గర్నుంచి. ఛాతీ మీద దెబ్బ, మోచేతి మీద గళ్ళ అచ్చు, పైగా అబద్ధపు వాంగ్మూలం. ఇద్దరూ పెనుగులాడారు, వీడు తోశాడు. అంతే కదా?”

“తోసినవాడు వెల్లకిలా ఎందుకు పడతాడు? నిన్న రాత్రి కాగితం మీద ప్రమాదం, ఇవాళ పొద్దున హత్య. నీ కలానికి వెన్నెముక లేదా?”

“నా కలం సంగతి నేను చూసుకుంటాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అతను కానిస్టేబుల్‌ని పిలిచి మంచం పక్కన నిలబెట్టాడు. “పదకొండింటికి స్టేట్‌మెంట్ మళ్ళీ తీసుకుంటాను. అప్పటిదాకా బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదు. మీరు కూడా.”

*

పదీ పదిహేనుకు డిటెక్టివ్ వంతెన కిందికి దిగింది. చేప అక్క అప్పటికే అక్కడుంది. కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం బండబారింది.

“ఆ మెకానిక్ ఏమన్నాడు?”

“ఇంకా ఏమీ తేలలేదమ్మా. ఈ తాడు కొస పట్టుకోండి.”

వంతెన మొదటి స్తంభానికి కిందిదాకా ఇనప మెట్లున్నాయి. వాటి పక్కనే నీటి స్కేలు. పదేసి అడుగుల పొడవున్న ఇనప పలకలు ఒకదాని మీద ఒకటి బోల్టులతో బిగించి ఉన్నాయి. నీటి అంచు దగ్గర ఎర్రంకెలు కనిపిస్తున్నాయి. ఇరవై ఒకటి.

డిటెక్టివ్ తాడు చివర స్పానర్ కట్టి మెట్ల మీంచి నీళ్ళలోకి వదిలింది. ఠక్కున రాయి తగిలింది. తాడు లాగి టేపుతో కొలిచింది. ఇంకోచోట వదిలింది. మళ్ళీ కొలిచింది.

“పదకొండు,” అంది.

“అంటే?”

“స్కేలు ఇరవై ఒకటి అంటోంది. నీళ్ళు పదకొండే ఉన్నాయి.”

ఆమె ఇంకో రెండు మెట్లు దిగి పలకను చేత్తో తడిమింది. స్తంభం రాతికి పట్టిన పాచి, బురద చార పలక అంచుదాకా వచ్చి తెగిపోయింది. పలక మాత్రం నిన్న రంగు వేసినట్టు శుభ్రంగా ఉంది. తలెత్తి చూసింది. పైన, నీళ్ళు ఎప్పుడో గాని చేరని ఎత్తులో, పాచి పట్టి నల్లబడ్డ పలక ఉంది. దాని మీద పది నుంచి ఇరవై దాకా అంకెలు. రెండు పలకలనూ తారుమారు చేశారు. బోల్టుల తలల మీద స్పానర్ గీతలు ఇంకా మెరుస్తున్నాయి. వంతెన మీంచి వంగి చూసేవాడికి నీటి అంచున ఉన్న అంకె తప్ప మరేదీ కనబడదు.

“ఎవరో కావాలని చేశారు,” అంది అక్క. “మా తమ్ముణ్ణి చంపడానికే చేశారు.”

“మీ తమ్ముడు ఈ నదిలో ఎన్నాళ్ళకోసారి ఈదేవాడు?”

“రోజూ. తెల్లవారుజామున. ఏ రాయి ఎక్కడుందో వాడికి కళ్ళు మూసుకున్నా తెలుసు.”

డిటెక్టివ్ మళ్ళీ నీటి అంచున ఉన్న అంకె వైపు చూసింది. రోజూ ఈదేవాడికి పదకొండు అడుగుల నీటికీ ఇరవై ఒక్క అడుగుల నీటికీ తేడా తెలియదా? ఈ పలక ఇద్దరిలో ఒక్కణ్ణే మోసం చెయ్యగలదు. ఆరేళ్ళ తర్వాత వచ్చినవాణ్ణి.

“ఈమధ్య మీ తమ్ముడు ఎలా ఉండేవాడు?”

“ఏడాదిగా మనిషి మనిషి కాదు మేడమ్. ఒకమ్మాయిని ఇష్టపడ్డాడు. వాళ్ళ నాన్నతో మాట్లాడాక నీకు చూపిస్తానక్కా అన్నాడు. ఈలోగా ఆ పిల్ల పోయింది. ఆఫీసు బిల్డింగులో లిఫ్టు తెగిపడింది. నేను పిల్ల మొహం కూడా చూళ్ళేదు.”

“లిఫ్టా?”

“అవును. ఏం?”

“ఇక్కడే ఉండండి. నేను వచ్చేదాకా ఆ పలకను ఎవరూ ముట్టుకోకుండా చూడండి.”

*

స్కేలు చూసి నీటి మట్టం రాసే ఉద్యోగి గది అక్కడికి యాభై గజాలే. ఒడ్డు అంచున కట్టిన ఒంటి గది, వెనక కిటికీ తీస్తే కింద నదే. అందులో కూర్చునే మనిషిని అంతా ‘అడుగులాయన’ అంటారు. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజుకు మూడుసార్లు నది ఎన్ని అడుగులుందో రాయడమే ఆయన పని.

“రండమ్మా,” అన్నాడు. “నిన్నటి సంగతి కోసమేనా? పోలీసులు అడిగారు. స్కేలు బాగానే ఉందని చెప్పాను.”

“రిజిస్టరు ఒకసారి చూస్తాను.”

ఆయన అలమార పైఅర నుంచి ఎడమచేత్తో రిజిస్టరు తీశాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. డిటెక్టివ్ కిటికీ దగ్గరి బల్ల మీద పెట్టి నిన్నటి పేజీ తెరిచింది. ముత్యాల్లాంటి అంకెలు. ఉదయం పదకొండు. మధ్యాహ్నం పదకొండు. సాయంత్రం ఆరింటికి పదకొండూ పావు.

ఆమె ఆ మూడో అంకె మీద వేలు పెట్టింది.

“సాయంత్రం ఆరింటికి మీరు స్కేలు చూసే రాశారా?”

“చూడకుండా ఎలా రాస్తాను?”

“నిన్న నాలుగూ ఇరవైకి ఆ స్కేలు ఇరవై ఒకటి చూపించింది. ఇప్పుడూ అదే చూపిస్తోంది. మధ్యలో ఆరింటికి మీకొక్కరికే పదకొండూ పావు ఎలా కనబడిందండీ?”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

“ఇరవై ఒకటి అని రాద్దామనే కూర్చున్నాను,” అన్నాడు చివరికి. “చెయ్యి రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పంకె రాయలేదమ్మా.”

గోడకు ఒక ఫొటో ఉంది. మెడలో ఆఫీసు గుర్తింపు కార్డుతో నవ్వుతున్న పిల్ల.

“మీ అమ్మాయా?”

“ఒక్కతే కూతురు. పోయిన ఏడు లిఫ్టు తెగిపడింది. తీగ పాతదని, బిల్డింగు వాళ్ళదే తప్పని విచారణలో తేల్చారు. ముందురోజే మెకానిక్ వచ్చి అంతా బాగుందని కార్డు మీద సంతకం పెట్టాడు. వాడు పైకెక్కి తీగ చూడనే లేదు. కింద కుర్చీలో కూర్చుని సంతకం పెట్టాడు.”

“ఆ సంగతి విచారణలోనే రాలేదు. మీకెవరు చెప్పారు?”

ఆయన ఫొటో వైపు తిరిగాడు.

“పోనీ ఇది చెప్పండి. ఆ పలక పది అడుగులుంది. పైన ఒకరు పట్టుకుంటే గాని కింద ఇంకొకరు బోల్టు బిగించలేరు. మీ భుజం లేవదు. రెండో కొస ఎవరు పట్టుకున్నారు?”

“మీకు తెలిసే అడుగుతున్నారు.”

“మీ నోటితో వినాలి.”

“దూకినవాడే,” అన్నాడు అడుగులాయన.

ఆ తర్వాత ఆయన ఆపలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్న మనిషిలా చెప్పుకుపోయాడు.

“పది రోజుల కింద ఆ కుర్రాడు వచ్చాడు. మా అమ్మాయిని చేసుకోవాలనుకున్నానని చెప్పి, అదిగో ఆ ఫొటో ముందు కూలబడి ఏడ్చాడు. మెకానిక్ వాడి ప్రాణస్నేహితుడట. సంతకం సంగతి వాడే స్వయంగా చెప్పుకున్నాడట. పోలీసుల దగ్గరికి పోదాం పద అన్నాను. ఫైలు మూసేశారు, ఎవరూ తెరవరన్నాడు. ‘వాడికి ఎత్తంటే భయం, నేను చెయ్యి పట్టుకుంటేనే దూకుతాడు, వాడితో నేనూ పోతాను’ అన్నాడు. నువ్వెందుకు పోవాలి నాయనా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. నిన్న ఒంటిగంటకు వచ్చాడు. ఇద్దరం కలిసి పలకలు మార్చాం.”

“చివరి క్షణంలో అతను చెయ్యి విడిపించుకుని, స్నేహితుణ్ణి గుండెల మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసేశాడు. తనొక్కడే పోయాడు. మెకానిక్ ఛాతీ మీద దెబ్బ అదే. ఎందుకు తోశాడు?”

“ఈ కిటికీలోంచి చూశాను. రాత్రంతా నన్ను నేను అదే అడిగాను. ఎందుకు వదిలేశాడో నాకు అర్థం కాలేదు. వాడు పోయాడు, మా అమ్మాయి పోయింది. ఆ సంతకం పెట్టినవాడు మంచం మీద పాలు తాగుతున్నాడు.”

డిటెక్టివ్ రిజిస్టరు పేజీ ఫొటో తీద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంది. అది ఆ క్షణమే మోగింది. ఇన్‌స్పెక్టర్.

“మీకో శుభవార్త మేడమ్. సంతకం పెట్టేశాడు. ‘నేనే చంపాను’ అన్నాడు. ఇంకెవరో అమ్మాయి చావు కూడా తన వల్లే అన్నాడు. అడక్కుండానే చెప్పాడు.”

“అది పశ్చాత్తాపం, నేరాంగీకారం కాదు! అతను తోయలేదు. అతన్నే తోశారు. స్కేలు పలకలు మార్చారు, వచ్చి నీ కళ్ళతో చూడు.”

“పలకలా?” అన్నాడతను. “బోల్టులు విప్పి, తారుమారు చేసి, మళ్ళీ బిగించారా?”

“అవును.”

“బోల్టులు విప్పి బిగించడం ఎవరి వృత్తి మేడమ్? మీరే చెప్పండి.” అతను నవ్వాడు. “ముందే పథకం వేసుకున్నాడన్నమాట. నా కేసు ఇంకా గట్టి చేశారు. అరగంటలో వస్తాను. ఆ పలకలు ముట్టుకోకండి.”

ఫోన్ కట్ అయింది. డిటెక్టివ్ వెనక్కి తిరిగింది.

కిటికీ దగ్గర చేప అక్క నిలబడి ఉంది. ఎప్పుడు లోపలికి వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. రిజిస్టరు ఆమె చేతుల్లో ఉంది.

“అమ్మా, అది బల్ల మీద పెట్టండి.”

“నా తమ్ముణ్ణి ఎవరు చంపారో కనుక్కోమన్నాను మిమ్మల్ని,” అంది ఆమె. “నా తమ్ముడు హంతకుడని కనుక్కోమనలేదు.”

“అతను చంపలేదు. చివర్లో మనసు మార్చుకున్నాడు. స్నేహితుణ్ణి బతికించాడు. ఆ సంగతి బయటికి రాకపోతే బతికించినవాడి కష్టం కూడా బూడిదలో పోసిన పన్నీరే.”

“బయటికొస్తే పేపర్లో ఏం రాస్తారు? స్నేహితుణ్ణి చంపడానికి తీసుకెళ్ళాడనేగా? నా దగ్గర మిగిలింది వాడి పేరొక్కటే మేడమ్. ఆ మెకానిక్ నేరం ఒప్పుకున్నాడు కదా. ఒప్పుకోనివ్వండి. ఆ పిల్లను చంపినవాడే కదా.”

“దానికి వేరే శిక్ష ఉంది. చెయ్యని హత్యకు కాదు. ఇలా ఇవ్వండి.”

డిటెక్టివ్ రెండడుగులు వేసింది. మూడో అడుగు వెయ్యకముందే ఆమె చెయ్యి కిటికీ బయటికి పోయింది. కింద చిన్న చప్పుడైంది. డిటెక్టివ్ కిటికీ దగ్గరికి పరిగెత్తి చూసేసరికి, పుస్తకం అట్టలు రెండూ విచ్చుకుని ప్రవాహంలో గిరగిరా తిరుగుతూ వంతెన స్తంభాల మధ్యకు వెళ్ళిపోతోంది.

పొద్దున్నుంచీ మొదటిసారి డిటెక్టివ్‌కు మాట తడబడింది. “పెద్దాయనా, మీరు... ఇప్పుడు నాకు చెప్పిందంతా ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పాలి. ఇక మీ మాటొక్కటే సాక్ష్యం.”

అడుగులాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముందు గోడ మీది కూతుర్ని చూశాడు. తర్వాత చేప అక్కను చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదటిసారి. ఆయన లేచి ఆమెకు తన కుర్చీ వేశాడు.

“కూర్చో అమ్మా,” అన్నాడు. ఆ తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగాడు. “నేనేం చెప్పానండీ మీకు? రిజిస్టరు చూడ్డానికి వచ్చారు. అది నాలుగు రోజులుగా కనబడటం లేదని చెప్పాను. అంతే కదా?”